మాటకీ మాటకీ మధ్య యాడ్

ఫిబ్రవరి 9

ఫాల్ట్: మా ఆవిడ ఫోన్‌లో యాడ్లు. ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలీదు.

మెషిన్ రూంలో లాగ్‌బుక్ రాసినట్టే రాస్తున్నాను. తేదీ, ఫాల్ట్, ఏం చేశాం. లిఫ్టులు బాగుచేసేవాడికి ఇంకోలా రాయడం చేతకాదు. పైగా రాయకుండా వెతికితే, వెతికిన చోటే మళ్ళీ వెతుకుతాం.

పొద్దున డాక్టరు రౌండ్స్‌కి వచ్చింది. నొప్పి ఎలా ఉందమ్మా అని అడిగింది. మా ఆవిడ కుడిచేతికి సెలైన్ ఉంది కాబట్టి ఎడమ బొటనవేలితో టైప్ చేసి, మాట్లాడే యాప్‌లో బటన్ నొక్కింది. ఫోన్ ఆవిడ తరఫున, రాత్రి నుంచి ఎడమవైపు, అంది. అంతే. డప్పు మ్యూజిక్‌తో ఒక యాడ్ స్క్రీన్ మీదికి దూకింది. పది రోజుల్లో బరువు తగ్గండి, పొట్ట కరిగించుకోండి! దుప్పటి కింద మనిషి ఉందో లేదో అన్నట్టుంది మా ఆవిడ. ఆవిడకి చెప్తోంది అది, బరువు తగ్గమని.

మూసేసే గుర్తు చీమ తలకాయంత ఉంది. నా వేళ్ళేమో స్పానర్లు పట్టిన వేళ్ళు. నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంది. దాన్ని మూస్తే మూడోది. డాక్టరు కాసేపు నిలబడింది, పాపం, తప్పు ఆవిడది కాదు. సాయంత్రం మళ్ళీ వస్తానమ్మా అని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. మా ఆవిడ నవ్వింది. ఇప్పుడు ఆవిడ నవ్వుకి శబ్దం లేదు, భుజాలు మాత్రం కదులుతాయి. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 10

నిన్న రాయాల్సింది రాయలేదు. కిందటేడు గొంతు ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. మెడ కింద రూపాయి బిళ్ళంత రంధ్రం, ఊపిరి అందులోంచే. మాట పోయినా మనిషి దక్కిందని సంబరపడ్డాం. ఇప్పుడు జబ్బు ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఈ వార్డులో నయం చెయ్యరు, నొప్పి తగ్గిస్తారు. ఆ సంగతి తనకీ తెలుసు, నాకూ తెలుసు, మా మరదలికీ తెలుసు. ముగ్గురం దాని గురించి తప్ప అన్నిటి గురించీ మాట్లాడుకుంటాం.

మాట పోవడం ఎవరికైనా కష్టమే. కానీ మా ఆవిడ నోరు మామూలు నోరు కాదు. మా లిఫ్టు కంపెనీలో కంప్లయింట్ డెస్క్ ఆవిడదే. ఎక్కడ లిఫ్టు ఆగినా ముందు ఆవిడకే ఫోన్. లోపల ఇరుక్కున్నవాళ్ళు ఏడుస్తూ అరుస్తూ ఉంటే, పర్లేదండీ, మనిషి వస్తున్నాడు, అనేది. ఆ ముక్క ఎలా అనేదో గానీ అవతలివాళ్ళు చల్లబడిపోయేవాళ్ళు. మనిషి అంటే నేను. వెంటనే నాకు ఫోన్ చేసి, ఏమయ్యా, అక్కడ జనం గాల్లో వేలాడుతుంటే నువ్వు టీ చప్పరిస్తున్నావా, అని దులిపేసేది. మొహం చూడకముందే ఆ తిట్లకి పడిపోయాను నేను.

ఆపరేషన్ అయ్యాక పలక ఇచ్చారు. దాన్ని విసిరికొట్టింది. అప్పుడు మా మరదలు ఈ మాట్లాడే యాప్ పెట్టింది. ఇంకా ఏవేవో పెట్టింది, పూల బొమ్మల కీబోర్డుతో సహా. గొంతు న్యూస్ చదివే అమ్మాయిలా చప్పగా ఉంటుంది కానీ యాప్ తెలివైంది. మా ఆవిడ మాటల వరస పట్టేసింది. ఏ అని నొక్కితే చాలు, పైన వరుసలో ఏమయ్యా వస్తుంది. అది ముట్టుకుంటే తిన్నావా వస్తుంది. అది ముట్టుకుంటే లేక మళ్ళీ ఆ బన్ను ముక్కేనా. ఒక్క అక్షరం, మూడుసార్లు ముట్టుకోవడం, పూర్తి తిట్టు తయారు. ఏడాదిగా మా ఇంట్లో మళ్ళీ మా ఆవిడే మాట్లాడుతోంది. మధ్యలో ఈ దరిద్రపు యాడ్లు.

ఫిబ్రవరి 12

ఆస్పత్రి ఎదుట సందులో ఫోన్లు బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్ళాను. మనిషి మంచివాడే, చేతిలో ఇంకో ఫోన్ విప్పి ఉంది, తలెత్తకుండానే, అన్నా, అంతా తుడిచేసి ఫార్మాట్ కొట్టేద్దాం, గంటలో కొత్తదానిలా అవుతుంది, అన్నాడు.

వచ్చి చెప్తే మా ఆవిడ కళ్ళెర్రజేసింది. ఫార్మాట్ కొడితే నా మాటలన్నీ పోతాయి, అని ఫోన్‌తో చెప్పించింది. దాన్ని మళ్ళీ రెండుసార్లు వినిపించింది, నేను చెవిటివాణ్ణన్నట్టు. సరే తల్లీ, నీ మాటల యాప్ జోలికి పోను, ఒట్టు, అన్నాను.

ఫిబ్రవరి 13

బ్రౌజర్‌లో నోటిఫికేషన్లన్నీ ఆపేశాను. ఎప్పుడో ఏదో వెబ్‌సైట్ పర్మిషన్ అడిగితే అలో అని నొక్కినట్టుంది. పైనుంచి జారిపడేవి తగ్గాయి. స్క్రీన్ అంతా కప్పేసేవి తగ్గలేదు.

రెండు ఫాల్టులన్నమాట. లిఫ్టుల్లోనూ ఇంతే. ఒకటి దొరకగానే చంకలు గుద్దుకుంటాం, రెండోది పక్కనే కూర్చుని చూస్తుంటుంది.

ఫిబ్రవరి 14, మధ్యాహ్నం

తను నిద్రపోతుంటే సేఫ్ మోడ్‌లో పెట్టి చూశాను. ఫోన్‌తో వచ్చినవి తప్ప మనం పెట్టుకున్న యాప్‌లేవీ అందులో పనిచెయ్యవు. గంటసేపు ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క యాడ్ రాలేదు. అంటే ఫోన్ మంచిదే. మనం ఎక్కించిన వాటిలోనే ఒకటి దొంగ.

తను లేచి ఫోన్ అడిగింది. సేఫ్ మోడ్‌లో మాట్లాడే యాప్ కూడా ఉండదు కదా. ఫోన్ మళ్ళీ మామూలుగా ఆన్ అయ్యేదాకా మంచినీళ్ళు కావాలని చేత్తో సైగ చేసింది. ఆ సైగ చూడలేకపోయాను.

ఫిబ్రవరి 17

పద్ధతిగా వెళ్తున్నాను. ఒక్కో పార్టు తీసి, పూట ఆగి, చూడటం. టార్చి యాప్ తీశాను. ఫోటోలకి ఫ్రేములు కట్టేది తీశాను. బ్యాటరీ పొదుపు చేసేదట, అది తీశాను. యాడ్లు ఆపుతానని చెప్పుకునే యాప్ ఒకటుంది, దాన్ని పెట్టింది నేనే. అన్నిటికంటే ఎక్కువ యాడ్లు అదే చూపించింది. పళ్ళు కొరుక్కుంటూ తీశాను.

మరదలి మొహం చిన్నబోయింది. అక్కకి కాలక్షేపానికని పెట్టాను బావా, ఇలా అవుతుందనుకోలేదు, అంది. నిన్నేమీ అనట్లేదమ్మా అన్నాను. అన్నట్టే ఉంది నా గొంతు.

ఫిబ్రవరి 19

ఆగలేదు.

ఫిబ్రవరి 20

ఇవాళ్టిది రాయాలని లేదు.

మధ్యాహ్నం కిటికీ వైపు తిరిగి పడుకున్నది ఇటు తిరిగింది. నా చెయ్యి తీసుకుని తన దుప్పటి మీద పెట్టింది. చాలాసేపు టైప్ చేసింది, చెరిపింది, మళ్ళీ చేసింది. నాకర్థమైంది, ముగ్గురం తప్పించుకు తిరుగుతున్న విషయం ఇదేనని. బటన్ నొక్కింది. ఫోన్, నేను పోయాక నువ్వు, అంది.

అభినందనలు! మీరు గెలిచారు! చప్పట్లు, ఈలలు, స్క్రీన్ నిండా బంగారు నాణేలు. పక్క మంచం వాళ్ళ చుట్టాలు తిరిగి చూశారు.

అది ఆగేసరికి యాప్ మూసుకుపోయింది, టైప్ చేసిందీ పోయింది. చెప్పు, మళ్ళీ చెప్పు, అని బతిమాలాను. తల అడ్డంగా ఊపింది. ఫోన్ బోర్లా పెట్టి కళ్ళు మూసుకుంది. చెప్పడానికి కూడగట్టుకున్న ధైర్యం కాస్తా ఆ ఈలల్లో కొట్టుకుపోయింది. బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఈ దొంగని పట్టుకుని తీరాలి. ఆవిడ మాటలు పూర్తి కావాలి. ఇంకేం అక్కర్లేదు నాకు.

ఫిబ్రవరి 22, మధ్యాహ్నం

దొరికింది!

సెట్టింగుల అడుగున ఒక జాబితా ఉంటుంది, వేరే యాప్‌ల మీద తమ బొమ్మ వేసే హక్కు ఎవరెవరికి ఇచ్చామో చూపిస్తుంది. అందులో పేర్లు ఒక్కొక్కటీ చదువుతూ వచ్చాను. పూల కీబోర్డు! కీబోర్డుకి వేరేవాళ్ళ మీద బొమ్మలు వెయ్యాల్సిన పనేంటి? అందుకే తను టైప్ చేసినప్పుడల్లా సరిగ్గా మాట మధ్యలో వచ్చిపడేవి. ఇన్నాళ్ళూ తన వేలి కిందే కూర్చునుంది.

తనని స్కానింగ్‌కి తీసుకెళ్ళారు. వచ్చేలోపు పని ముగించాలి. కీబోర్డు తీసేశాను. ఫోన్‌తో వచ్చిన మామూలు కీబోర్డు ఉంది, దాన్ని పెట్టాను. ఒక్క క్షణం ఆలోచించాను, ఇది తీస్తే తన మాటలకేమైనా అవుతుందా అని. కాదనుకున్నాను. లిఫ్టులో బటన్ ప్యానెల్ ఎన్నిసార్లు మార్చలేదు నేను! బటన్లు బటన్లే. ఏ అంతస్తులో ఎక్కడ ఆగాలో గుర్తుంచుకునేది పైన కంట్రోలర్ బోర్డు. ప్యానెల్ మారిస్తే లిఫ్టు అంతస్తులు మర్చిపోదు. మాటల యాప్ ఎలా ఉన్నది అలాగే ఉంది, ముట్టుకోలేదు, ఒట్టు నిలబెట్టుకున్నాను.

గంట చూశాను. యాడ్ లేదు. వార్డులో అందరికీ చెప్పాలనిపించింది. నర్సుకి చెప్పాను కూడా.

ఫిబ్రవరి 22, సాయంత్రం

వచ్చింది. ఫోన్ ఇచ్చి, ఇక మాట్లాడుకో మహాతల్లీ, నీకు అడ్డం లేదు, అన్నాను. నవ్వింది. ఏ నొక్కింది. ఆగింది. మళ్ళీ నొక్కింది. పై వరుస చూసింది. ఏమి, ఏది, ఏనుగు.

ఏనుగు!

ప నొక్కింది. త నొక్కింది. బ నొక్కింది. మెల్లగా తలెత్తి నావైపు చూసింది. కోపంగా చూడలేదు. తాళంచెవి పోయిన ఇంటి ముందు నిలబడ్డ మనిషిలా చూసింది.

ఫిబ్రవరి 23

ఫోన్ల అతని దగ్గరికి పరిగెత్తాను. ఈసారి చేతిలో పని పక్కన పెట్టి విన్నాడు. అన్నా, మాట్లాడే యాప్ ఉత్త గొంతే, మాటల్ని గుర్తుపెట్టుకునేది కీబోర్డు, అన్నాడు. మళ్ళీ అదే కీబోర్డు ఎక్కించి చూశాడు. పూలు వచ్చాయి, మాటలు రాలేదు. ఖాళీ. మెయిల్‌కి కలిపి ఉంటే దొరికేవేమో, కలపలేదుగా, అన్నాడు. దాన్ని మళ్ళీ తీయించేశాను.

వస్తుంటే ఇంకో మాట అన్నాడు. అనకపోయినా బాగుండేది. తీసెయ్యక్కర్లేదన్నా, ఆ బొమ్మ వేసే పర్మిషన్ ఒక్కటి ఆపేస్తే సరిపోయేది.

ఒక్క వైరు పీకాల్సినచోట ప్యానెలంతా ఊడబీకాను. కొత్తగా చేరిన కుర్ర మెకానిక్కులు ఇలాంటి పని చేస్తే నేనే నోటికొచ్చినట్టు తిడతాను.

ఫిబ్రవరి 24

చెప్పాను, అంతా. దాచలేదు. నీ మాటలు నేనే చంపేశాను, అన్నాను. తను ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైప్ చేసింది. వేలు జారి పక్క అక్షరం పడుతోంది, చెరిపి మళ్ళీ కొడుతోంది. సాయం చెయ్యబోతే చెయ్యి తోసేసింది. ఆఖరికి ఫోన్ అంది, పర్లేదు.

అంత కష్టపడి ఆ ఒక్క మాట. ఒక మంచి తిట్టు తిట్టినా బతికిపోయేవాణ్ణి.

ఫిబ్రవరి 26

మరదలూ నేనూ ఒక ఉపాయం చేశాం. తను పడుకున్నప్పుడు తన మాటలు మేమే గుర్తు తెచ్చుకుని టైప్ చేసి కీబోర్డుకి నేర్పుదామని. మరదలు చెప్తుంటే నేను కొట్టాను. సగానికే తగువు వచ్చింది. అక్క అలా అనదు బావా, అని మరదలు. నన్ను అలాగే అంటుందమ్మా, అని నేను. పాతికేళ్ళు విన్న మాటలు, కూర్చుని తలుచుకుంటే పట్టుమని పది రాలేదు. వింటున్నప్పుడు ఎవడు దాచుకుంటాడు?

మా గొడవకి మా ఆవిడ లేచింది. ఫోన్ తీసుకుని మేం రాసినవి చదివింది. భుజాలు కదిలాయి, నవ్వింది. తర్వాత, వద్దు, నావి కావు, అని టైప్ చేసింది. మేం నేర్పినవన్నీ తుడిచేయించింది.

ఫిబ్రవరి 27

పర్లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నేనేమీ అడక్కుండానే. నా మొహం అలా ఉంది కాబోలు.

మార్చి 1

ఫిబ్రవరి 20న ఆగిన మాట ఇవాళ పూర్తి చేసింది. పొద్దున టిఫిన్ వేళకి మొదలుపెట్టి, మధ్యలో అలసి పడుకుని, మళ్ళీ లేచి, భోజనం ట్రాలీ వచ్చేదాకా. నేను గుండె రాయి చేసుకుని కూర్చున్నాను. ఎన్ని అనుకున్నానో. ఏమైనా మిగిలిపోయిన కోరికా, నా మీద కోపమా, చెల్లెలికి చెప్పాల్సిందేమైనా ఉందా.

నేను పోయాక నువ్వు బన్ను తిని పడుకోకు. వండుకో.

ఇంతే. ఫోన్ దాన్ని వార్తలు చదివినట్టు చదివింది. సరే అన్నాను. గట్టిగా చెప్పు అన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టింది. సరేనే తల్లీ, వండుకుంటాను, అన్నాను. పక్క మంచం వాళ్ళు మళ్ళీ తిరిగి చూశారు. చూస్తే చూడనీ. యాడ్ రాలేదు. అందుకే కదా ఇదంతా చేసింది, అనుకున్నాను. అనుకుంటే ఊరట కలగలేదు.

మార్చి 4

వార్డులో కూర్చునుండగా ఆఫీసు నుంచి ఫోన్. ఆస్పత్రికి రెండు వీధుల అవతల బిల్డింగులో లిఫ్టు ఆగింది, లోపల ఒక తల్లీ చంటిబిడ్డా. డ్యూటీ మెకానిక్ ఊరి అవతలున్నాడు. కుదరదన్నాను. తను వింటోంది. డెస్కులో కూర్చున్నప్పటి చూపు చూసింది. వెళ్ళు అని చేత్తో విసిరినట్టు సైగ చేసింది, ఇంకా కూర్చున్నావేంటి అన్నట్టు. ఆ సైగ తిట్టులాగే ఉంది. చాన్నాళ్ళకి తిట్టింది. సంతోషంగా లేచాను.

బ్రేకు జామ్ అయింది. అనుకున్నదానికంటే ఎక్కువసేపు పట్టింది. లోపలినుంచి బిడ్డ ఏడుపు. పర్లేదమ్మా అని అరుస్తూనే ఉన్నాను బయటినుంచి.

తల్లీబిడ్డా క్షేమంగా దిగారు. నేను వార్డుకి వచ్చేసరికి తను లేదు.

మార్చి 5

మార్చి 11

నర్సు కనపడింది, కాయితాల కోసం ఆస్పత్రికి వెళ్ళినప్పుడు. తనంతట తనే వచ్చి చెప్పింది. ఆ రోజు నేను వెళ్ళిన కాసేపటికే ఊపిరి బరువైందట. ఆక్సిజన్ పెట్టాక, మీ ఆయనకి ఫోన్ చెయ్యనా అమ్మా, అని అడిగిందట. వద్దని చెయ్యి ఊపి, ఫోన్ తీసుకుని ఏదో టైప్ చేసిందట. మిషన్ల చప్పుడులో నాకు సరిగ్గా వినపడలేదు సార్, మళ్ళీ నొక్కబోతుంటే డాక్టరుగారు వచ్చేశారు, అంది.

దండం పెట్టి వచ్చేశాను. తన ఫోన్ నా చొక్కా జేబులోనే ఉంది. తెరవలేదు. ఏమని ఉంటుంది? వెళ్ళమంటే నిజంగానే వెళ్ళిపోయాడు చూడు, అనా? ఇంకా రాలేదేంటి, అనా? అంటే అననీ, అనాల్సిందే. కానీ చూడాలంటే భయంగా ఉంది.

మార్చి 16

వండుకున్నాను. మాడింది. తిన్నాను.

మార్చి 23

ఫోన్ ఛార్జింగ్ పెట్టి తెరిచాను. మాటల యాప్‌లో గీత ఆడుతోంది, అక్షరాల్లేవు. ఆ రోజు టైప్ చేసింది నిలవలేదు. అనుకున్నదే.

ఊరికే ప నొక్కాను.

పర్లేదు, అని వచ్చింది పై వరుసలో, అన్నిటికంటే ముందు. అది నాకు తెలిసిందే, నా కోసం ఎన్నిసార్లు కొట్టిందో. ముట్టుకున్నాను. పక్కన, మనిషి, అని వచ్చింది. ఈ కీబోర్డు మీద ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు. ముట్టుకున్నాను. వస్తున్నాడు.

బటన్ నొక్కాను. చెప్పింది. పర్లేదు మనిషి వస్తున్నాడు.

ఫోన్ పట్టుకుని కాసేపు చూశాను. యాడ్ రాలేదు.